రక్తం కడుగుతున్నరు, టీబీని వదిలేస్తున్నరు

మార్చి నెల వచ్చిందంటే వరంగల్ దవాఖానల ముందట రెండు బ్యానర్లు కనబడతయి. రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినం. 24వ తేదీ ప్రపంచ టీబీ దినం. కిడ్నీ దినం నాడు కిడ్నీ డాక్టర్లు మాట్లాడుతరు. టీబీ దినం నాడు టీబీ అధికారులు ర్యాలీ తీస్తరు. ఫొటోలు దిగుతరు, పేపర్లలో వస్తది, బ్యానర్లు ఊడదీస్తరు. ఈ రెండు రోగాలూ ఒకే పెయ్యిలో చేరిన మనిషి గురించి మాత్రం ఏ దినం నాడూ ఎవరూ మాట్లాడరు. ఈ ముచ్చట ఆ మనిషి గురించే.

మా మేనమామ ఆజంజాహి మిల్లులో పనిచేసిన మనిషి. మిల్లు మూతబడ్డంక చిన్న కిరాణం పెట్టుకొని ముగ్గురు బిడ్డలను సాదిండు. ఇరవై ఏండ్ల షుగరు చివరికి కిడ్నీలను తిన్నది. ఆరోగ్యశ్రీ కింద వారానికి రెండుసార్లు డయాలసిస్ మొదలైంది. పైసా ఖర్చు లేదు. అందరం సంబురపడ్డం.

నాలుగో నెల నుంచి పొద్దుగూకంగనే పెయ్యి వెచ్చబడుడు షురువైంది. పైపు దగ్గర ఇన్ఫెక్షన్ అన్నరు. సూదులిచ్చిన్రు, తగ్గినట్టే తగ్గి మళ్లొచ్చింది. అన్నం పోతలేదంటే, కిడ్నీ పేషెంటుకు ఆకలి అట్లనే ఉంటదన్నరు. ఆయాసం వస్తుందంటే, నువ్వు నీళ్లు ఎక్కువ తాగుతున్నవన్నరు. మా అత్తమ్మ బిందె మీది గ్లాసు తీసి దాచిపెట్టింది. పెద్దమనిషి దూపతోని నాలుక తడుపుకుంట కూసునేటోడు. ఎవరికీ చెప్పకుండ నీళ్లు తాగుతున్నడని ఇంట్లో అందరం అనుమానపడ్డం. తూకం చూస్తే తూకం అంతనే ఉన్నది. మరి మనిషి ఎందుకు గుంజుకుపోతున్నడో ఎవరికీ సమజు కాలేదు.

ఒకనాడు తలకు నూనె రాస్తుంటే చిన్నబిడ్డ చేతికి మెడ పక్కన గడ్డ తగిలింది. సూదితోని నీరు తీసి పరీక్షకు పంపితే టీబీ అని తేలింది. ఊపిరితిత్తి పొరలో చేరిన నీరు కూడా ఆ రోగందేనన్నరు. జ్వరం మొదలైన నాటి నుంచి పేరు తెలిసేటాళ్లకు అయిదు నెలలు. మందులు పడ్డ రెండో నెలలో మామ పోయిండు. కాయితం మీద గుండె ఆగిందని రాసిన్రు. ఎవరి గుండె ఆగకుండ పానం పోతది?

ఆ దవాఖాన పేరు ఇక్కడ రాస్తలేను. అది ఒక్క దవాఖాన తప్పయితే పేరు రాసి, ధర్నా చేసి ఊకునేటోన్ని. ఇది రెండు కిటికీల నడుమ మనిషి జారిపడే కథ. ఒక కిటికీ దగ్గర కిడ్నీ చూస్తరు, ఇంకో కిటికీ దగ్గర ఊపిరితిత్తులు చూస్తరు. మన కాకతీయ మెడికల్ కాలేజీ కిందనే చూడున్రి. ఎంజీఎం వేరు, టీబీ ఛాతీ దవాఖాన వేరు. దేశమంతటా పద్ధతి ఇదే. ఆ రెండింటి నడుమ రోగిని చేయిపట్టి తీసుకపోయే మనిషి ఎవరన్నదే ప్రశ్న.

అసలు సంగతి సాఫ్‌గ చెప్పుకుందం. టీబీ క్రిమి మనలో చాలా మంది పెయ్యిలో నిద్రపోతున్నది. 2019 నుంచి 2021 వరకు దేశమంతటా జరిగిన సర్వేలో 15 ఏండ్లు దాటినోళ్లలో దాదాపు 31 శాతం మందికి ఆ క్రిమి సోకి ఉన్నట్టు తేలింది. అంటే పదిమందిలో ముగ్గురు. అందరికీ రోగం రాదు. నిద్రపోతున్న క్రిమి జీవితకాలంలో లేచేది పదిమందిలో ఒకరికి, అంతకన్న తక్కువ. పెయ్యిలోని కాపలా గట్టిగ ఉన్నంత కాలం అది లేవదు.

కిడ్నీలు పాడైతే ఆ కాపలానే కూలిపోతది. రక్తంలో పేరుకున్న మలినాలు క్రిమితోని కొట్లాడే కణాలను మొద్దుబారుస్తయి. విటమిన్ డి ని పనికొచ్చే రూపంలోకి మార్చేది కిడ్నీనే. అది ఆగితే టీబీ క్రిమిని చంపే శక్తి ఇంకింత తగ్గుతది. దానికి తోడు షుగరు, రక్తహీనత, సగం కడుపు తిండి. అందుకనే మామూలు మనిషి కంటే డయాలసిస్ మీదున్న మనిషికి టీబీ వచ్చే ముప్పు తక్కువలో తక్కువ మూడు నాలుగు రెట్లు, ఎక్కువలో పాతిక రెట్ల దాకా ఉంటదని వేర్వేరు దేశాల అధ్యయనాలు చెప్పినయి. అందులోనూ డయాలసిస్ మొదలైన తొలి ఏడాదిలోనే ఎక్కువ. చిన్ననాడు వేయించుకున్న బీసీజీ టీకా కాపాడుతదనుకుంటే పొరపాటే. అది పసిపిల్లలను గట్టి టీబీ నుంచి కాపాడే టీకా. పెద్దోళ్లకు దాని మీద భరోసా లేదు.

ఇంక రెండో చిక్కు. డయాలసిస్ మనిషికి వచ్చే టీబీ సినిమాలో చూపెట్టినట్టు రక్తం కక్కుకుంట రాదు. మెడ గడ్డలకు వస్తది, ఊపిరితిత్తి పొరకు వస్తది, కడుపుకు వస్తది, ఎముకకు వస్తది. తెమడ పరీక్షలో చాలాసార్లు కనబడదు. జ్వరం, నీరసం, ఆకలి లేకపోవుడు, ఈ లక్షణాలన్నీ కిడ్నీ జబ్బు లక్షణాల లెక్కనే ఉంటయి. ఒక రోగం ఇంకో రోగం మాటున దాక్కుంటది.

తూకం సంగతి కూడా అందరూ ఎరుక చేసుకోవాలె. డయాలసిస్ అయిపోయినంక మనిషి ఎంత తూగాలెనో ఒక లెక్క పెట్టుకుంటరు. దాన్ని డ్రై వెయిట్ అంటరు. టీబీ వచ్చిన మనిషి కండ కరిగి మూడు కిలోలు తగ్గిండనుకో. మిషను మాత్రం పాత లెక్క మీదనే ఆగుతది. ఆ మూడు కిలోల జాగాలో నీళ్లు నిలుస్తయి. కాంటా మీద తూకం అంతనే ఉంటది, లోపల మనిషి మాత్రం సగమైతడు. బీపీ పెరుగుతది, ఆయాసం వస్తది. అప్పుడు అందరూ అనే మాట ఒక్కటే, నీళ్లు ఎక్కువ తాగుతున్నవని. మా మామ నీళ్లు తాగలేదు. ఆయన కండ కరిగింది. ఈ సంగతి నాకు ఆయన పోయినంక తెలిసింది. మా అత్తమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. దాచిన గ్లాసు యాది చేసుకొని ఏడుస్తదని భయం.

మరి దీనికి మందు లేదా? ఉన్నది. రూలు లేదా? అదీ ఉన్నది. డయాలసిస్ మీదున్నోళ్లందరికీ నిద్రపోతున్న టీబీ పరీక్ష చేయాలె, ఉన్నట్టు తేలితే ముందుజాగ్రత్త మందులియ్యాలె అని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2021లో మన కేంద్ర సర్కారు టీబీ నిర్మూలన కార్యక్రమం కూడా ఇదే రాసుకున్నది. డయాలసిస్ రోగులు, అవయవ మార్పిడికి తయారైతున్నోళ్లు, రాతి దుమ్ముతోని సిలికోసిస్ వచ్చినోళ్లు, వీళ్లంతా ఆ జాబితాలో ఉన్నరు. ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్ గోలీ వేసుకునుడు ఒక పద్ధతి. వారానికి ఒక్కసారి చొప్పున పన్నెండు వారాలు రెండు మందులు కలిపి వేసుకునుడు ఇంకో పద్ధతి. డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు ఎట్లాగూ వస్తున్న మనిషికి, బెడ్డు మీదనే నర్సమ్మ చేతుల మీదుగ గోలీ వేయించుడు ఎంత పని?

కాయితం మీద రూలు ఉండుడు, ఆచరణలో లేకపోవుడు మన ప్రాంతానికి కొత్త కాదు. పెద్దమనుషుల ఒప్పందం నుంచి 610 జీవో దాకా మనం చూసింది అదే గద! ఉద్యోగులకు, విద్యార్థులకు ఈ సంగతి నేను చెప్పనక్కర లేదు. 2011లో సకల జనుల సమ్మె నాడు 42 దినాలు రోడ్ల మీద ఉన్నోళ్లం. రూలు అమలు కావాలంటే అడిగే గొంతు ఉండాలె. కిడ్నీ రోగికి గొంతు లేదు. నాలుగు గంటలు మిషనుకు కట్టేసి పండబెట్టినోడు ధర్నా చేస్తడా?

ఒక మాట ఒప్పుకోవాలె. ఉద్యమం నాటికి కిడ్నీ పాడైందంటే హైదరాబాద్ బస్సెక్కుడే. నిమ్స్ గేటు ముందట చెట్ల కింద పండిన మన జిల్లా జనం ఎందరో. రాష్ట్రం వచ్చినంక ఆ గోస తగ్గింది. 2014లో సర్కారు డయాలసిస్ కేంద్రాలు మూడే ఉండెనని, 2023 నాటికి 102 అయినయని సర్కారు లెక్క చెప్పింది. ఒక్కసారి వాడి పారేసే ఫిల్టర్లు తెచ్చిన్రు. 2022లో డయాలసిస్ రోగులకు నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను ప్రకటించిన్రు. ఇవన్నీ మంచి పనులే. కాదన్నోడు మూర్ఖుడు.

కని మిషను ఇచ్చుడు వేరు, మనిషిని చూసుకునుడు వేరు. చాలా చోట్ల డయాలసిస్ కేంద్రాలు నడిపేది ప్రైవేటు కంపెనీలు. సర్కారు వాళ్లకు పైసలిచ్చేది డయాలసిస్ లెక్కన. ఇన్ని డయాలసిస్‌లు చేస్తే ఇన్ని పైసలు. దగ్గుతున్నవా అని అడిగినందుకు ఎవరూ పైసలియ్యరు. ఎక్స్‌రే తీయించినందుకు బిల్లు పాస్ కాదు. అడుగనందుకు జవాబుదారీ కూడా లేదు. మరి అడిగేదెవరు?

ఇంకొక ప్రమాదం ఉన్నది. ఏసీ గది, మూసిన కిటికీలు, పక్కపక్కన బెడ్లు, ఒక్కో షిఫ్టు నాలుగు గంటలు. అందులో ఒక్కరికి ఊపిరితిత్తుల టీబీ ఉండి దగ్గుతుంటే ఆ గాలి అందరిదీ. పక్క బెడ్డు రోగులు ఎవరు? కాపలా కూలిపోయినోళ్లే. నర్సమ్మలకు, టెక్నీషియన్లకు కూడా ముప్పే. వాళ్లలో చాలా మంది కాంట్రాక్టు మీద బతికే మన పిల్లలే. ఉద్యోగ సంఘాలు పీఆర్సీ గురించి కొట్లాడినట్టే ఈ గాలి గురించి కూడా కొట్లాడాలె.

డాక్టర్లతోని మాట్లాడితే కొన్ని అనుమానాలు చెబుతరు. అవి కొట్టిపారేసేవి కావు. ముందుజాగ్రత్త మందులతోని కాలేయానికి దెబ్బ తగులుతదేమో అంటరు. నిజమే, కొందరికి తగులుతది. అందుకే కాలేయ పరీక్షలు చేసుకుంట ఇయ్యాలె, నరాలు దెబ్బతినకుండ బీ6 విటమిన్ కూడా ఇయ్యాలె. అసలు టీబీ రోగం ఉన్న మనిషికి ఒక్క గోలీతోని సరిపెడితే క్రిమి మొండిదైతదంటరు. అదీ నిజమే. అందుకే ముందుగాల రోగం లేదని తేల్చుకోవాలె. చేతి చర్మం మీద వేసే మాంటూ పరీక్షను నమ్మలేమంటరు. డయాలసిస్ రోగుల్లో చాలా మందికి చర్మం స్పందించదు, క్రిమి ఉన్నా లేనట్టే కనబడతది. దానికి రక్తం ద్వారా చేసే ఇగ్రా పరీక్ష ఉన్నది. ఇవన్నీ పని జాగ్రత్తగ చేయాలెనని చెప్పే మాటలు. పని మానేయాలెనని చెప్పే మాటలు కావు.

రోగం తేలినంక కూడా కథ ఒడవదు. 2017 నుంచి మన దేశంలో టీబీ రోగులకు నాలుగు మందులు ఒక్క గోలీలో కలిపి రోజూ ఇస్తున్నరు. మామూలు రోగికి అది మేలైన పద్ధతి. డయాలసిస్ రోగికి మాత్రం ఆ గోలీ లెక్క కుదరదు. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ రోజూ మామూలు మోతాదులో ఇయ్యొచ్చు. ఇథాంబుటాల్, పైరజినమైడ్ మాత్రం కిడ్నీ ద్వారా పోయే మందులు. వాటిని వారానికి మూడుసార్లే, అదీ డయాలసిస్ అయిపోయినంక ఇయ్యాలె. ముందు ఇస్తే మిషను మందును కడిగేస్తది. రోజూ ఇస్తే పెయ్యిలో పేరుకుంటది. ఇథాంబుటాల్ పేరుకుంటే కంటిచూపు దెబ్బతింటది. అంటే నాలుగు మందులూ విడివిడిగ దొరకాలె. కిడ్నీ డాక్టరు, టీబీ డాక్టరు ఒక్కసారి ఫోన్లో మాట్లాడుకోవాలె. ఒక్క ఫోను! రేపు కిడ్నీ మార్పిడి చేయించుకోవాలెననుకునే రోగికి ఇది ఇంకా ముఖ్యం. కొత్త కిడ్నీని పెయ్యి తోసెయ్యకుండ వాడే మందుల బలాన్ని రిఫాంపిసిన్ తగ్గించేస్తది.

తిండి ముచ్చట కూడా చెప్పాలె. కిడ్నీ జబ్బు అనంగనే మన ఇండ్లల్ల గుడ్డు బంద్, పప్పు బంద్. డయాలసిస్ మొదలుకాక ముందు మాంసకృత్తులు తగ్గించుమని డాక్టర్లు చెప్పే మాట నిజమే. డయాలసిస్ మొదలైనంక లెక్క మారుతది. మిషను మాంసకృత్తులను కూడా కొంత గుంజుకపోతది గనుక అవి ఎక్కువ కావాలె. ఈ మాట చెప్పేటోడు లేక మనోళ్లు పాత పథ్యమే పట్టుకొని కండ కరిగించుకుంటున్నరు. తిండికి, టీబీకి ఉన్న సంబంధం 2023లో జార్ఖండ్ అధ్యయనం ఇంకోసారి రుజువు చేసింది. టీబీ రోగుల ఇంటి మనుషులకు మంచి తిండి అందించినందుకే వాళ్లలో కొత్తగ టీబీ వచ్చుడు దాదాపు 40 శాతం తగ్గింది. కేంద్రం టీబీ రోగికి తిండి కోసం నెలకు 500 రూపాయలిస్తుండె. 2024 నవంబరు నుంచి 1,000 చేసింది. రోగం వచ్చినంక ఇచ్చే వెయ్యి కంటే రాకముందు పెట్టే గుడ్డు అగ్గువ.

2025 కల్లా దేశం నుంచి టీబీని తరిమేస్తమని కేంద్రం 2018లో గట్టిగ చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2015లో లక్ష మందికి 237 ఉన్న కొత్త రోగులు 2024 నాటికి 187కు తగ్గిన్రు. తగ్గుడు మంచిదే. కని ప్రపంచంలోని టీబీ రోగుల్లో ఇప్పటికీ నాలుగో వంతు మనోళ్లే. ఎవరికి ముప్పు ఎక్కువో తెలిసి, వాళ్లు వారానికి రెండుసార్లు మన కండ్ల ముందటికి వచ్చి పండుకుంటుంటే కూడా పట్టుకోలేకపోతే, ఊరూరా తిరిగి ఎవర్ని పట్టుకుంటరు?

అందుకే అడుగుతున్నం. కోట్లు కాదు, నాలుగు పనులు.

ఒకటి, డయాలసిస్ మొదలుపెట్టే ప్రతి మనిషికి మొదటి నెలలోనే ఎక్స్‌రే, నిద్రపోతున్న టీబీ పరీక్ష చేయాలె. అవసరమైనోళ్లకు ముందుజాగ్రత్త మందు బెడ్డు దగ్గరనే ఇయ్యాలె. కంపెనీలతోని రాసుకునే ఒప్పందంలో ఇది షరతు కావాలె.

రెండు, ప్రతి డయాలసిస్‌కు ముందు బీపీ చూసినట్టే అయిదు ప్రశ్నలు అడిగి రాయాలె. దగ్గున్నదా? సాయంత్రం జ్వరమున్నదా? రాత్రి చెమటలు పడుతున్నయా? ఆకలి తగ్గిందా? మెడకు, సంకకు గడ్డలున్నయా? రెండు వారాలు జ్వరం వదలకుంటే మళ్లా సూదులు కాదు, టీబీ పరీక్ష చేయాలె. డ్రై వెయిట్‌ను నెలనెలా కొత్తగ లెక్కగట్టాలె.

మూడు, ప్రతి డయాలసిస్ కేంద్రానికి జిల్లా టీబీ విభాగం నుంచి ఒక మనిషిని జవాబుదారీగ పెట్టాలె. మందులు విడివిడిగ దొరకాలె. 2024లో దేశంలో చాలా చోట్ల టీబీ మందులకే కటకట వచ్చిన సంగతి మరువొద్దు.

నాలుగు, గదిలోకి గాలి రావాలె. దగ్గు ఉన్నోళ్లకు మాస్కు ఇచ్చి, వేరే బెడ్డు చూపెట్టాలె. సిబ్బందికి ఏటా పరీక్షలు చేయాలె.

మెడికల్ కాలేజీ తమ్ముండ్లు, చెల్లెండ్లు ఒక సెలవు నాడు డయాలసిస్ వార్డుకు పోయి ఆ అయిదు ప్రశ్నలు అడిగి రాసుకోవాలె. ఎన్ని జవాబులు అవును అని వస్తయో మీరే చూడున్రి. ఉద్యోగులు తమ హెల్త్ కార్డుల చర్చలో ఈ పరీక్షను చేర్పించాలె. ఇంట్లో డయాలసిస్ మనిషి ఉన్నోళ్లు డాక్టరును మొహమాటం లేకుండ అడుగున్రి, మా మనిషికి టీబీ పరీక్ష చేసిన్రా అని. అడిగితే కోపానికొస్తరని భయపడకున్రి. అడుగక పోగొట్టుకున్నోళ్లం మేం చెబుతున్నం.

ములుగు నుంచి, ఏటూరునాగారం నుంచి, భూపాలపల్లి నుంచి, గోదావరి అవతలి నుంచి కూడా పానాలు అరచేతిలో పెట్టుకొని మన వరంగల్‌కు వస్తరు. పాత సెంట్రల్ జైలు జాగాలో 2021 జూన్ 21న 24 అంతస్తుల దవాఖానకు పునాదిరాయి వేసిన్రు. ఆరోగ్య విశ్వవిద్యాలయానికి కాళోజీ పేరు పెట్టుకొని వరంగల్‌లోనే నిలబెట్టుకున్నం. పేర్లు గొప్పవి, అంతస్తులు ఎత్తైనవి. అయినా కింది గదిలో మిషను పక్కన నిలబడి, సాయంత్రం జ్వరం వస్తున్నదా పెద్దయ్యా అని అడిగే మనిషి లేకుంటే ఆ ఎత్తు ఎవరి కోసం?